మెరుపు లోపలికి వెళ్ళిన ఆదివారం

ఆమెను ఫ్యాక్టరీలో అందరూ స్కేలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తరవాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఒకసారి బయటి కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు మేనేజరుగారే "మా స్కేలమ్మగారు" అని పరిచయం చేసి నాలిక కరుచుకున్నాడు. స్టీలు స్కేలు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు మరి. గీసేదంతా కంప్యూటర్లోనే గనుక ఆ స్కేలుతో అసలు పనేమీ ఉండదు. అయినా అది చేతిలో ఉండాల్సిందే. ఆలోచన వచ్చినప్పుడు దానితో బల్ల మీద టిక్కుటిక్కుమని కొడుతుంది. కంగారు పుట్టినప్పుడు రెండు చేతులతో పట్టుకుని విల్లులా వంచుతుంది. కంగారు పుట్టని రోజంటూ లేదు గనుక ఆ స్కేలు ఏనాడో కాస్త వంకరపోయింది.

ఆమె కంగారు ఇంటిల్లిపాదికీ తెలిసిందే. వీధి చివరిదాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్ళీ వెనక్కి వస్తుంది. తాళం వేసి లాగి చూస్తుంది, రెండడుగులు వేసి తిరిగొచ్చి మళ్ళీ లాగుతుంది. "మా కోడలు లాగే లాగుడికి దొంగలు అక్కర్లేదు, ఏదో ఒకరోజు తాళం తనే ఊడొస్తుంది" అంటుంది అత్తగారు. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు, నిదానస్తుడు. భార్య వెనక్కి పరుగెత్తిన ప్రతిసారీ స్కూటరు పక్కకు ఆపి, రుమాలుతో తన కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడతాడు. విసుక్కోడు.

ఇంట్లో నవ్వులపాలైన ఆ గుణమే ఫ్యాక్టరీలో ఆమెకు అన్నం పెట్టింది.

అక్కడ రేకుతో పెట్టెలు, మూతలు, యంత్రాలకు తొడుగులు చేస్తారు. తొడుగు తొడుగులా పుట్టదు. ముందు అది చదునైన రేకుగా ఉండాలి. అట్టపెట్టెను మడతల దగ్గర విప్పి నేల మీద పరిస్తే ఎలా కనబడుతుందో, అలాంటి ఆకారం. డిజైనర్లు మడిచిన వస్తువును కంప్యూటర్లో తయారుచేస్తారు. దాన్ని విప్పి పరిచిన డ్రాయింగు స్కేలమ్మ దగ్గరికి వస్తుంది. ఆ ఆకారాన్ని లేజర్ మెషిన్ కోస్తుంది, తరవాత బెండింగ్ మెషిన్ దగ్గర దాన్ని గీత గీతకీ వంచుతారు. వంచేవాడి ముందున్నది చదును రేకూ, ఒక కాగితమూ మాత్రమే. ఈ గీత దగ్గర పైకి వంచాలా, కిందికి వంచాలా? ఎన్ని డిగ్రీలు? మూల ఎంత గుండ్రంగా రావాలి? ముందు ఏ గీత, తరవాత ఏది? ఇవన్నీ డ్రాయింగు మీద రాసి ఉండాలి. ఆ రాత స్కేలమ్మ పని. రాసి, సరిచూసి, టీ తాగొచ్చి మళ్ళీ సరిచూసి, పంపించాక కూడా ఒకసారి తెరిచి చూసేది. ఆమె డ్రాయింగు వల్ల రేకు పాడైందన్న మాట ఆ ఫ్యాక్టరీలో ఎవరూ వినలేదు.

ఆ కాగితాలు చేరేది ఎవరికో కాదు, ఆమె మరిదికే. డిప్లమా మధ్యలో వదిలేసి ఏ పనిలోనూ కుదురుగా నిలవకుండా తిరుగుతున్నవాణ్ణి ఆమే మేనేజరుతో చెప్పి బెండింగ్ మెషిన్ దగ్గర చేర్పించింది. ఆశ్చర్యం ఏమిటంటే అక్కడ నిలిచాడు. రేకు అంచును ఆనించి, పెడల్ మీద కాలు వేసి, వంపు తిరిగి లేచే రేకును రెండు చేతులతో కాచుకునే ఆ పని అతనికి నచ్చింది. అనుమానం వస్తే కింద మెషిన్ల దగ్గరున్న ఇంటర్‌కమ్‌లో పై అంతస్తులో ఉన్న ఆమెకు ఫోను చేసేవాడు.

"వదినా, ఈ చివరి గీత పైకా, కిందికా?"

"రాశాను కదయ్యా!"

"రాశావు, నిజమే. నమ్మకం కుదరట్లేదు."

"మీ అన్నయ్యని అడిగి మంచి కళ్ళజోడు తెచ్చుకో. పైకే."

రోజుకు ఎన్నోసార్లు ఇదే వరస. ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే, అతను అడిగిన డ్రాయింగును ఇంకోసారి తెరిచి చూసుకునేది.

ఇలా సాగుతుండగా, డ్రాయింగుల మీద వివరాలన్నీ ఇక ప్రోగ్రామే రాస్తుందని ఒకరోజు మీటింగులో చెప్పారు. డిజైనర్ ఫైలు పెట్టగానే ప్రోగ్రాం దాన్ని చదివి, ప్రతి గీత పక్కనా దిక్కు, కోణం, మూల గుండ్రం, వరస అన్నీ వేసి, నేరుగా కిందికి పంపిస్తుందట. ఆ ప్రోగ్రాం రాయడానికి బయటి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. స్కేలమ్మ చెల్లెలి ఈడుది. మాట మెత్తన, వేళ్ళు మాత్రం కీబోర్డు మీద వడగళ్ళలా పడతాయి.

"మీరే ఆమెకు అన్నీ నేర్పాలి" అన్నాడు మేనేజరు.

స్కేలమ్మ గుండెలో రాయి పడింది. నేర్పితే తన పని పోతుంది. నేర్పకపోతే, నేర్పలేదని తన పని పోతుంది. స్కేలు వంచుతూ తలూపింది.

మర్నాడు ఆ ప్రోగ్రామరు వచ్చి స్కేలమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "డ్రాయింగు మీ ముందుకు రాగానే మొట్టమొదట ఏం చేస్తారు మేడమ్? చిన్నదైనా సరే, వదలకుండా చెప్పండి."

స్కేలమ్మ నిజాయితీగా ఆలోచించింది. "మొదట భయపడతానమ్మా."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అది ప్రోగ్రాంలో పెట్టలేనండీ. ఆ తరవాత?"

ఆ తరవాతవన్నీ చెప్పింది. రేకు మందం బట్టి మూల ఎంత గుండ్రం వేయాలో, రంధ్రం గీతకు మరీ దగ్గరగా ఉంటే ఏం రాయాలో, ఏ అంచు ముందు వంచితే రెండో అంచుకు మెషిన్ అడ్డు రాదో, తనకు తెలిసినంతా చెప్పింది. దాచుకోవాలన్న బుద్ధి ఒకటి రెండుసార్లు పుట్టింది గానీ, ఎదురుగా కూర్చున్న పిల్ల అంత శ్రద్ధగా వింటుంటే దాచడానికి నోరు రాలేదు.

ప్రోగ్రాం తయారయ్యాక, ఆమె చేసిన పాత డ్రాయింగుల ఫైళ్ళనే దానికి ఇచ్చి పరీక్ష పెట్టారు. ఆమె రాతా, దాని రాతా పక్కపక్కన పెట్టి పోల్చారు. అన్నీ అచ్చం ఒకేలా వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానిలో పొరపాటు స్కేలమ్మదే. చాన్నాళ్ళ కిందటి డ్రాయింగులో ఒక గీత పక్కన కోణం వేయడం మరిచిపోయింది. మరిది అలవాటుగా తొంభై డిగ్రీలు వంచేశాడు, అది సరిపోయింది, ఎవరికీ తెలియలేదు. ప్రోగ్రాం ఇప్పుడు పట్టేసింది.

"దీనికి మీకంటే కంగారెక్కువ అన్నమాట!" అని మేనేజరు నవ్వాడు. హాస్యానికే అన్నాడు. ఆమె మాత్రం ఆ మాటను ఇంటికి మోసుకెళ్ళింది. అన్నం సహించలేదు. ఇన్నాళ్ళూ తన డ్రాయింగులో తప్పు లేదనుకోవడమే తప్పన్నమాట. ఇక దాన్ని సరిచూడ్డానికి తనెవరు?

అందుకే, ప్రోగ్రాం రాసినవాటిని మళ్ళీ సరిచూడక్కర్లేదని పైనుంచి చెప్పినప్పుడు ఆమె ఎదురు చెప్పలేదు. విడిభాగాల పేర్లు సర్దే పనేదో అప్పగించారు. డ్రాయింగులు ఆమె బల్లను తాకకుండానే కిందికి వెళ్ళిపోతున్నాయి. ఇంటర్‌కమ్ మోగడం కూడా ఆగిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక ఇంట్లో మరిదిని అడిగింది.

"ఏమయ్యా, ఈమధ్య అనుమానాలు రావట్లేదా?"

"కంప్యూటర్ రాసిందాన్ని పట్టుకుని నిన్ను అడిగితే ఏం బావుంటుంది వదినా? నీ పనికి అడ్డం పడినట్టు ఉంటుంది." పళ్ళెం తీసుకుని లేచాడు. "అయినా శుభ్రంగా ఉంటున్నాయిలే."

ఆ మాటతో ఆమె మనసు చివుక్కుమంది.

అప్పుడు వచ్చింది ఆసుపత్రి పని. రోగి మంచం పక్కన నిలబెట్టే ఒక యంత్రానికి స్టెయిన్‌లెస్ తొడుగులు చేయాలి. ఎడమవైపుకు ఒకటి, కుడివైపుకు ఒకటి, రెండూ అద్దంలో ప్రతిబింబాల్లాంటివి. రేకు మామూలుది కాదు. ఒకవైపు సన్నటి మెరుగు పెట్టి, గీతలు పడకుండా దాని మీద పల్చటి నీలం ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి పంపిస్తారు. రెండోవైపు మోటుగా ఉంటుంది. ఆ రేకు దూరం నుంచి రావాలి, నెలల ముందే అడగాలి, లెక్కకు మించి తెచ్చుకోవడం కుదరదు. పని తొందర గనుక ఆదివారం కూడా మెషిన్లు నడపాలన్నారు. మరిది పొద్దున్నే డబ్బా కట్టుకుని వెళ్ళిపోయాడు.

స్కేలమ్మ ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. భర్త పేపరు మీదనుంచి కళ్ళెత్తి చూశాడు.

"అదేంటోయ్, నా చొక్కా తిరగేసి చేస్తున్నావ్?"

"నల్లచొక్కా కదండీ. పైవైపు ఇస్త్రీపెట్టె తగిలితే మెరుపు మచ్చలు పడతాయి. ఎప్పుడూ తిరగేసే చేస్తాను."

"ఎప్పుడూనా? నేను గమనించనే లేదే."

"నేను మాత్రం గమనించానా? చెయ్యే దానంతట అది..."

మాట అక్కడ ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె గాల్లోనే ఉండిపోయింది.

ఆమె చేసే పని ఇంకొకటి కళ్ళముందుకు వచ్చింది. ఫైలు తెరవగానే, ఇంకేమీ చదవకముందే, ఎడమచేతి వేలు ఒక మీట నొక్కుతుంది. రేకు తెర మీద బోర్లా తిరుగుతుంది. మెరుగుపెట్టిన ముఖం పైకి కనబడేదాకా ఆ వేలు ఊరుకోదు. ఎందుకంటే లేజర్ దగ్గర రేకును ఎప్పుడూ ఫిల్మ్ ముఖం పైకి పెట్టే కోస్తారు. డ్రాయింగులో పైన కనబడే ముఖమే మెరుగు ముఖమని కింద అందరికీ లెక్క. డిజైనర్లకు ఆ పట్టింపు లేదు. ఒకరు బయటి ముఖం పైకి వచ్చేలా విప్పుతారు, ఇంకొకరు లోపలి ముఖం పైకి. సరిచేసేది తనే. సరిచేస్తున్నానని కూడా తెలియకుండా సరిచేసేది.

ఆ మీట సంగతి ప్రోగ్రామరుకు చెప్పిందా? లేదు. పరీక్షలో బయటపడిందా? ఎలా బయటపడుతుంది? పరీక్షకు ఇచ్చినవన్నీ తను తిప్పేసి భద్రపరిచిన పాత ఫైళ్ళే కదా!

లోపలి ముఖం పైకి ఉన్న ఫైలు వస్తే ప్రోగ్రాం దాన్ని అలాగే ఉంచుతుంది. ఆ చూపుకు తగ్గట్టే "పైకి" అని రాస్తుంది. లేజర్ ఫిల్మ్ పైన పెట్టి కోస్తుంది, మరిది పైకి వంచుతాడు. కొలతలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తాయి. ఆకారం సరిగ్గా ఉంటుంది. మెరుపు మాత్రం తొడుగు లోపలికి పోతుంది, మోటువైపు బయట ఉంటుంది. కొన్ని తొట్లకి, పళ్ళేలకి మెరుపు లోపలే ఉండాలి కూడా. అందుకని చూసేవాళ్ళకు అనుమానమైనా రాదు.

"ఏమండీ, స్కూటరు తీయండి."

"ఎక్కడికి?"

"ఫ్యాక్టరీకి. దారిలో చెబుతాను, తీయండి ముందు!"

దారిలో ఆమె మరిదికి ఫోను చేస్తూనే ఉంది. మెషిన్ల దగ్గరికి ఫోను తీసుకెళ్ళనివ్వరు, బయట అరలో పెట్టి వెళ్ళాలి. అది అక్కడే మోగి మోగి ఆగిపోతోంది. సూపర్‌వైజరుదీ అంతే. ఆఫీసుకు సెలవు, ఇంటర్‌కమ్ ఎత్తేవాళ్ళు లేరు. ప్రతి ఎర్రలైటు దగ్గరా ఒక్కో రేకు వంగిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. ఒకవేళ డిజైనర్ బయటి ముఖమే పైకి పెట్టి ఉంటే? ఆదివారంపూట అందరినీ హడలగొట్టినందుకు నవ్వుతారు. నవ్వితే బాగుండు. కడుపారా నవ్వనీ.

సగం దూరం వెళ్ళాక భర్త తల తిప్పకుండానే అడిగాడు. "ఇస్త్రీపెట్టె కట్టేశావా?"

"తెలీదు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతను అడగడం, ఆ జవాబు ఆమె చెప్పడం అదే మొదలు. అతను స్కూటరు పక్కకు ఆపి, తల్లికి ఫోను చేసి స్విచ్చి తీసేయమని చెప్పి, ఈసారి కళ్ళజోడు తుడుచుకోకుండా గబగబా బండి ఎక్కాడు.

మెషిన్ల షెడ్డులోకి అడుగుపెడుతుండగానే బెండింగ్ మెషిన్ చప్పుడు వినబడింది. దిగడం, ఆగడం, లేవడం. పక్కన బల్ల మీద వంగిన తొడుగులు ఒకదానిలో ఒకటి దొంతరగా ఉన్నాయి. ఆమె పైది తీసి చూసింది. బయటంతా మోటుగా బూడిదరంగు. లోపల నీలం ఫిల్మ్.

ఆ క్షణంలో ఆమె నోటి నుంచి వచ్చిన మాటను తరవాత చాలాకాలం తలుచుకుంది. భయంలో వచ్చిందో, ఆశతో వచ్చిందో. తప్పు తన చేతిలోది కాకుండా ఇంకెవరి చేతిలోదైనా అయితే బాగుండునని మనసు ఒక్క రెప్పపాటు కోరుకుంది. గట్టిగా, మెషిన్ చప్పుడుకు మించి అరిచింది.

"రేకు తిరగేసి పెట్టావా?"

మరిది పెడల్ మీదనుంచి కాలు తీశాడు. "ఏంటి వదినా?"

అప్పటికే సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "తిరగేసి పెట్టాడా? ఎన్ని చేశావురా అలా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" చుట్టుపక్కల మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి. వెల్డింగు అతను ముసుగు పైకెత్తి చూశాడు.

మరిది కాగితం తీసి వదిన చేతికి ఇచ్చాడు. ప్రతి గీత పక్కనా శుభ్రంగా, ముత్యాల్లా అచ్చువేసి ఉంది: పైకి, పైకి, పైకి. అతను అలాగే వంచాడు. అందులో అతని తప్పేమీ లేదు.

తప్పు డ్రాయింగుదని చెప్పాల్సిన సమయం అదే. కానీ "మెషిన్ ఆపండి. మేనేజరుగారికి ఫోను చేయాలి" అని మాత్రం అంది.

మేనేజరు వచ్చేసరికి ఆమె బుర్ర కొంచెం కుదుటపడింది. వంచినవి పోయినట్టే, వాటిని విప్పి మళ్ళీ వంచితే మడత దగ్గర చీలిపోతాయి. కానీ కోసి, ఇంకా వంచనివి చాలా ఉన్నాయి. అవన్నీ పారేయాల్సిందేనా? ఒక ఎడమ రేకును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పైకి కాకుండా కిందికి వంచితే మెరుపు బయటికి వస్తుంది. ఆకారం మాత్రం అద్దంలో బొమ్మలా తారుమారవుతుంది. ఎడమది తారుమారైతే...

"కుడిది అవుతుంది!" అంది పైకే. "ఎడమవాటిని కుడివాటిగా, కుడివాటిని ఎడమవాటిగా వంచేస్తే ఇవి దక్కుతాయి."

ఎవరూ వెంటనే నమ్మలేదు. ఒక కాగితం ముక్క మీద గుర్తులు పెట్టి, మడిచి చూపించింది. సూపర్‌వైజరు తనూ ఒకటి మడిచి చూసుకున్నాడు. మరిది మాట్లాడకుండా రేకు బోర్లా తిప్పి, ఆనించి, పెడల్ తొక్కాడు. నీలం ఫిల్మ్ బయటికి వచ్చింది. కొలిచారు, కుడి తొడుగే. సాయంత్రందాకా మిగిలినవన్నీ అలాగే వంచారు. మేనేజరు ముఖంలోకి నెత్తురొచ్చింది.

ఆ హడావుడిలో అసలు సంగతి ఎవరూ అడగలేదు. మరిది రేకులు తిరగేశాడట, వదినగారు వచ్చి కాపాడిందట, అన్న మాట టీ బల్ల దగ్గర తిరుగుతోంది. ఆమె చెవినా పడింది. "అలా కాదు" అనబోయింది. అందరూ అలసిపోయి ఉన్నారు, రేపు మేనేజరుకు వివరంగా చెబుతాలే అనుకుని ఊరుకుంది. మరిది వీళ్ళతో రాలేదు, బస్సెక్కి విడిగా వచ్చాడు.

ఇంటికొచ్చాక మరిది గదిలోంచి బయటికి రాలేదు, స్కేలమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. "ఇద్దరూ అలిగితే ఎవర్ని ముందు బతిమాలాలో తెలీట్లేదు నాకు. చీటీలు వేయనా?" అంది అత్తగారు.

భర్త మెల్లగా అన్నాడు. "వాడు తిట్లకు బాధపడే రకం కాదు. నువ్వు అలా అడిగావనే."

"తెలుసండీ."

"మరి చెప్పెయ్యరాదూ?"

"ఇంట్లో చెబితే సరిపోదండీ. అన్నది అందరి ముందూ." పొయ్యి గట్టు తుడుస్తూ అంది. "చెబితే నా ఉద్యోగం ఉంటుందంటారా?"

అతను లేచి వీధి తలుపు తాళం లాగి చూసి వచ్చాడు, ఆమె ఆ రోజు లాగలేదని.

సోమవారం మేనేజరు గదిలో ప్రోగ్రామరు ముందే కూర్చుని ఉంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. స్కేలమ్మ జరిగిందంతా చెప్పింది. మీట సంగతి, చొక్కా సంగతి, పాత ఫైళ్ళతో పరీక్ష పెట్టడం వల్ల అది ఎందుకు బయటపడలేదో, అన్నీ.

"ఆ ఫైళ్ళు మీరు ముందే తిప్పినవని నేను అడిగి తెలుసుకోవాల్సింది మేడమ్" అంది ప్రోగ్రామరు. "డిజైనర్ దగ్గర్నుంచి వచ్చిన పచ్చి ఫైలు ఒక్కటైనా పరీక్షించలేదు నేను."

మేనేజరు లేచి గది తలుపు దగ్గరగా వేశాడు. "మనలో మాట. ఆసుపత్రివాళ్ళకు ఆపరేటర్ పొరపాటు అని చెబితే అర్థం చేసుకుంటారు. మనుషులన్నాక జరుగుతాయి. డ్రాయింగులు రాసే ప్రోగ్రామే తప్పంటే, మనం పంపిన ప్రతి వస్తువునూ అనుమానిస్తారు. వాణ్ణి ఏమీ అననులెండి, ఊరికే ఒక మాట..."

స్కేలమ్మ తలూపితే అంతా సర్దుకుంటుంది. చేతిలోని స్కేలు వంచి వంచి, చివరికి బల్ల మీద పెట్టేసింది.

"అనుమానించాలి సార్. మనం కూడా అనుమానించాలి. ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచి వెళ్ళిన డ్రాయింగులన్నీ తీసి చూడాలి. ఇంకెన్ని ఇలా ఉన్నాయో తెలీదు నాకు." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నా మరిది కాకపోయినా ఇదే చెప్పేదాన్ని. చెప్పేదాన్నో లేదో గానీ... ఇప్పుడు మాత్రం చెబుతున్నాను."

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది. ఆగితే ధైర్యం జారిపోతుందని భయం. బెండింగ్ మెషిన్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె ఏదో చెప్పబోతోందని చూసి వెల్డింగు అతను తన మంట ఆర్పాడు. సూపర్‌వైజరు దగ్గరికి వచ్చాడు.

"నిన్న ఇతను రేకు తిరగేయలేదు" అంది. చాలా మెల్లగా వచ్చింది మాట. మళ్ళీ అంది, ఈసారి అందరికీ వినబడేలా. "డ్రాయింగే తప్పు. ప్రోగ్రాంకి ఒక ముఖ్యమైన సంగతి నేను చెప్పలేదు. రాగానే ఇతన్ని అలా అడగడం కూడా నాదే తప్పు."

సూపర్‌వైజరు మెడ రుద్దుకుంటూ "సరే, సరే, తెలియక అన్నాం" అని గొణిగాడు.

మరిది రేకు తుడుస్తూ తలెత్తకుండానే అన్నాడు. "సరే వదినా. పని చేసుకోనీ."

ఆ పొడి మాటతో ఆమె ప్రాణం కుదుటపడలేదు. అయినా పైకి వెళ్ళి కూర్చుని, పాత డ్రాయింగులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. ప్రోగ్రామరు పక్కనే కూర్చుంది. లోపలి ముఖం పైకి ఉన్నవి ఇంకా కనబడ్డాయి. చాలావాటికి మామూలు రేకే, రెండువైపులా రంగు పడుతుంది, బెంగలేదు. ఒకటి మాత్రం మెరుగు రేకు. అది చూసి ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పేరు చదివితే, పరికరాలు కడిగే తొట్టి. మెరుపు లోపలే ఉండాలి దానికి. ప్రోగ్రామరు కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "మేడమ్, మీరు మొదటిరోజు చెప్పిన ఆ మొదటి పని, ఇప్పుడు నాకూ వచ్చేసింది."

ఆసుపత్రివాళ్ళకు మేనేజరు ఉన్నదున్నట్టే చెప్పాడు, ఎంత కష్టం మీద చెప్పాడో గానీ. వాళ్ళు కోప్పడ్డారు. తక్కువపడిన తొడుగులకు కొత్త రేకు వచ్చేదాకా ఆగుతామన్నారు, ఆగారు. ప్రోగ్రాంను ఎవరూ తీసేయలేదు. కాకపోతే ఇప్పుడది మెరుగు రేకు ఫైలు రాగానే ఆగి, ఏ ముఖం బయటికి అని డిజైనర్‌ని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా కదలదు. డ్రాయింగు మీద ఒక మూల "ఫిల్మ్ ఈ వైపు" అని కూడా వేస్తుంది.

స్కేలమ్మ ఉద్యోగం పోలేదు, అలాగని మునుపటిలా మిగలలేదు. ఆమె బల్లను కిందికి మార్చారు. ఏ కొత్త డ్రాయింగుకైనా మొదటి వస్తువు వంగగానే చూసి సరేననాలి, అప్పుడే మిగతావి వంచుతారు. ఇది శిక్షో గౌరవమో ఆమెకు మొదట అర్థం కాలేదు. చల్లని గది పోయింది. చెవుల్లో దూది పెట్టుకోవాలి, చీర కొంగుకు నూనె మరకలు. పైనున్నవాళ్ళు తనను మరిచిపోతారేమో, ఈ మొదటి వస్తువు చూసే పనికి కూడా రేపు ఒక కెమెరా తెచ్చిపెడతారేమోనన్న బెంగ పోలేదు. తెచ్చిపెట్టొచ్చు కూడా.

మరిది చాలారోజులు ముక్తసరిగానే ఉన్నాడు. వంచిన మొదటి వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు, చూసి ఇస్తే తీసుకెళ్ళేవాడు. ఆమె బతిమాలలేదు. తొందరపెడితే ఇంకా బిగుసుకుంటాడని తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం, ఎప్పుడూ చేయని ఒక మెలికల పెట్టె డ్రాయింగు వచ్చింది. అతను దాన్ని పట్టుకుని మెషిన్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రేకు ఆనించి, మళ్ళీ తీసేశాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. చివరికి అతను వచ్చి ఎదురుగా నిలబడి, కాగితం మీద ఒక గీత దగ్గర వేలు పెట్టాడు.

"వదినా, ఇది కిందికే అంటావా?"

అచ్చులో కిందికి అనే ఉంది, స్పష్టంగా ఉంది. ఆమె రాసి ఉంది కదా అనలేదు. చెవుల్లో దూది తీసేసి, ఇంకో కుర్చీ దగ్గరికి లాగింది.

"నాకూ అనుమానంగానే ఉందయ్యా. కూర్చో, చూద్దాం."